కొత్త యంత్రం, పాత వడ్డీ

జహీరాబాద్ బజారులో చేతితో రాసిన దుకాణం బోర్డు ఇప్పుడు అరుదైపోయింది. ఒకప్పుడు రేకు మీద ఎనామిల్ రంగుతో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మూడు లిపుల్లోనూ తిన్నగా రాయగల పెయింటర్లు ఉండేవారు. బీదర్ వైపు నుంచి వచ్చే గిరాకీ కోసం కన్నడం కూడా నేర్చుకున్నవారు లేకపోలేదు. 2000 తరువాత ఫ్లెక్స్ యంత్రాలు వచ్చి కుంచెను పక్కకు నెట్టాయి. ఆ పెయింటర్లలో కొందరి కొడుకులే నేడు ఫ్లెక్స్ దుకాణాలు నడుపుతున్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్ చేస్తారు. సొంత యంత్రం లేనివారు ఫైలును హైదరాబాదుకు పంపి, అచ్చయిన చుట్టను బస్సు పార్సిల్లో తెప్పించుకుంటారు.

ఇప్పుడు వీరిలో కొందరి దృష్టి లేటెక్స్ ప్రింటర్ మీద పడింది. మా వద్ద చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య వేర్వేరుగా వచ్చి ఒకే ప్రశ్న అడిగారు: "ఉస్తాద్, బ్యాంకు లోను తీసుకుని కొనవచ్చా?" ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపడం సులభం. కాని ఒక్క ముక్క జవాబుతో ఎవరి దుకాణమూ నడవదు. అందుచేత ఈ వారం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము.

ముందు యంత్రం సంగతి. లేటెక్స్ అనగానే రబ్బరు చెట్టు పాలు గుర్తుకు వస్తాయి. ఈ సిరాలో ఆ పాలు ఉండవు. ఇది నీటితో చేసిన సిరా. అందులో రంగు పొడి, అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ వంటి రేణువులు కలిసి ఉంటాయి. యంత్రంలోని హీటరు నీటిని ఆవిరి చేస్తే ఆ రేణువులు కరిగి రంగును పొరలా పట్టి ఉంచుతాయి. హెచ్.పి. కంపెనీ 2008లో ఈ పద్ధతిని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. అచ్చు యంత్రం నుంచి ఆరిపోయే బయటకు వస్తుంది కనుక వెంటనే లామినేషన్ చేసుకోవచ్చు. సాల్వెంట్ రకం సిరా అయితే అందులోని ద్రావకం పూర్తిగా ఎగిరిపోయే దాకా ఒక రోజైనా ఆగాలి.

ఆ ద్రావకం ఎగిరి ఎక్కడికి పోతుంది? దుకాణంలో కూర్చున్నవారి ఊపిరితిత్తుల్లోకి. సాల్వెంట్ సిరాల్లో సాధారణంగా వాడే సైక్లోహెక్సనోన్ వంటి ద్రావకాలు కళ్లను, గొంతును మండిస్తాయి. మన ఊళ్లలో ముందు దుకాణం, వెనుక ఇల్లు ఉండే కుటుంబాలు ఎన్నో. చంటిపిల్లలు ఆ వాసనలోనే నిద్రపోతారు. నీటి సిరా వైపు వెళ్లాలని ఒక తండ్రి అనుకుంటే అది విలాసమని మేము అనము. తనకు గాని ఇతరులకు గాని హాని చేయరాదన్నది మన షరీఅత్‌లో ఒక మూలసూత్రం. ఫిఖ్హ్ చదివిన ప్రతివారికీ ఇది తెలుసు. దుకాణం గాలికి కూడా అది వర్తిస్తుంది.

అయితే అమ్మేవాడు చెప్పని మాటలు కొన్ని ఉంటాయి. చిన్న లేటెక్స్ యంత్రాల వెడల్పు 54 అంగుళాలు, 64 అంగుళాలు. పది అడుగుల ఫ్లెక్స్ యంత్రం చేసే పని ఇవి చేయవు. పెళ్లి గేటుకు, రాజకీయ సభకు పెద్ద బ్యానర్ కావాలంటే మళ్లీ పాత దారే. వినైల్ స్టిక్కరు, అద్దాల మీద అంటించేది, ఆటో, ట్రాక్టరు మీద వేసేది, దుకాణం లోపలి బోర్డు, గోడ కాగితం, గుడ్డ మీద అచ్చు - ఇవి దీని పనులు. హీటర్ల వల్ల కరెంటు ఎక్కువ తింటుంది. చిన్న మోడళ్లకే రెండు కిలోవాట్లకు పైగా కావాలి. అచ్చు హెడ్లను మనమే మార్చుకోవచ్చు, టెక్నీషియన్ కోసం వారం రోజులు ఎదురుచూడనక్కరలేదు. కాని అవి సిరాతో పాటు ఖర్చయ్యే సరుకేనని లెక్కలో వేసుకోవాలి.

ఫ్లెక్స్ ఎన్నాళ్లు ఉంటుందన్న ప్రశ్న కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి వంద మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లను నిషేధించింది. మన దుకాణాల్లో వాడే ఫ్లెక్స్ మందం సాధారణంగా అంతకంటే ఎక్కువే కనుక చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కాని గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తూనే ఉంది. కేరళ ప్రభుత్వం 2019లోనే పీవీసీ ఫ్లెక్స్‌ను వద్దన్నది. అదే సంవత్సరం సెప్టెంబరులో చెన్నైలో రోడ్డు మీద కట్టిన బ్యానరు మీద పడి, వెనుక వచ్చిన లారీ కింద నలిగి ఒక యువ ఇంజనీరు మరణించింది. 2022 ఆగస్టులో పక్క రాష్ట్ర ముఖ్యమంత్రి విశాఖపట్నంలో ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించినప్పుడు అక్కడి ఫ్లెక్స్ దుకాణదారులు అప్పులు ఎలా తీర్చాలని వాపోయారు. గడువును తరువాత 2023 జనవరి 26కు జరిపారు. ఆ దుకాణదారుల గోడు మనం గుర్తుంచుకోదగినది. యంత్రం అప్పు మీద ఉన్నప్పుడు ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు ఇంటిని వీధికి ఈడుస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. వడ్డీ గురించి దివ్య ఖుర్ఆన్ సూరా బఖరాలో చెప్పినంత కఠినంగా లావాదేవీల్లో మరే పాపం గురించీ చెప్పలేదు. వడ్డీ తినేవానితో పాటు దాన్ని ఇచ్చేవానినీ, పత్రం రాసేవానినీ, సాక్షులనూ దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. "మేము తినడం లేదు కదా, ఇస్తున్నాము కదా" అనే మాటకు అందులో చోటు లేదు.

అప్పుడు యువకులు రెండో మాట అంటారు: "మజ్బూరీ ఉస్తాద్." మజ్బూరీ అనే మాట ఫిఖ్హ్‌లో చాలా బరువైనది. ప్రాణం పోయే ఆకలిలో నిషిద్ధ వస్తువు ఒక ముద్ద తినవచ్చునన్న అనుమతి దానికి సంబంధించినది. జాబ్‌వర్క్ హైదరాబాదులో చేయించుకుంటూ ఇంటిల్లిపాదీ భోంచేస్తున్న మనిషి, లాభం మరి కాస్త పెరగడానికి పెద్ద యంత్రం కొనడం ఆ కోవలోకి రాదు. అది కోరిక. మంచి కోరికే కావచ్చు, కాని దాన్ని మజ్బూరీ అని పిలవడానికి మేము సిద్ధంగా లేము.

అయినా ఇక్కడ మా వర్గం వారిని కూడా రెండు మాటలు అనవలసి ఉంది. మింబర్ మీద నుంచి వడ్డీ హరామ్ అని చెప్పి దిగిపోయేవారం మేము. సరే, హరామే. మరి ఆ కుర్రవాడు ఎక్కడికి పోవాలి? బ్యాంకుకు పోకపోతే గిరిగిరి వాడి దగ్గరకు పోతాడు. పొద్దున ఇచ్చి రోజూ వసూలు చేసుకునే ఆ అప్పులో వడ్డీ బ్యాంకు కంటే ఎన్నో రెట్లు. లేదా భార్య నగలు తాకట్టు పెడతాడు. అప్పటికి మనకు ఆ సంగతే తెలియదు, తెలిసినా అడగము. దారి చూపకుండా తలుపు మాత్రమే మూయడం ధర్మోపదేశం అనిపించుకోదు.

దారులు చెప్పే ముందు ఒక చిన్న లెక్క. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. ఎవరి బేరం వారు చూసుకోవాలి. యంత్రం నగదు ధర పన్నెండు లక్షలు అనుకుందాం. డీలరే అరువుకు ఇస్తానని, మొత్తం పదమూడు లక్షల ఎనభై వేలు అన్నాడు. ముందు మూడు లక్షలు కడితే మిగిలేది పది లక్షల ఎనభై వేలు. ముప్పై ఆరు నెలలకు పంచితే నెలకు ముప్పై వేలు. వినైల్, సిరా, కరెంటు, కూలీ పోను చదరపు అడుగుకు పదిహేను రూపాయలు మిగులుతుందనుకుంటే, కిస్తీ ఒక్కదానికే నెలకు రెండు వేల అడుగుల పని కావాలి. నెలకు ఇరవై అయిదు పని దినాలు. అంటే రోజుకు ఎనభై అడుగులు: ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న ఒక బోర్డంత. అదీ ప్రతిరోజూ. ఇంటి ఖర్చు ఇంకా మొదలే కాలేదు.

జహీరాబాదులో అంత వినైల్ పని ఉన్నదా? ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా హోటళ్లు, షోరూములు ఉన్నాయి, ఆసుపత్రులు, పాఠశాలలు పెరుగుతున్నాయి. ఉండవచ్చు. కాని "ఉండవచ్చు" మీద యంత్రం కొనకూడదు. ముందు ఆరు నెలలు హైదరాబాదుకు పంపిన పనిని నోటు పుస్తకంలో అడుగుల్లో రాసుకుని కూడాలి. రోజుకు నలభై కూడా రాకపోతే ఆ యువకుడికి మా సలహా ఒక్కటే: ఆగు. వడ్డీ సంగతి అటుంచినా, అప్పు తనంతట తానే పెద్ద బరువు. దైవప్రవక్త (స) నమాజులో అప్పుల భారం నుంచి అల్లాహ్ శరణు కోరేవారు; ఎందుకని అడిగితే, అప్పుల పాలైనవాడు మాట్లాడితే అబద్ధం ఆడతాడని, మాట ఇస్తే తప్పుతాడని వివరించారు. ఇది బుఖారీ గ్రంథంలో ఉంది. కిస్తీ తేదీ దగ్గర పడినప్పుడు "రేపు తప్పకుండా బోర్డు ఇస్తా" అని పదిమందికి చెప్పే దుకాణదారును చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

పని ఉన్నదని తేలితే, మొదటి దారి పైన చెప్పిన డీలరు అరువే. నగదుకు ఒక ధర, అరువుకు మరొక ధర చెప్పడం చాలామంది ధర్మవేత్తల దృష్టిలో తప్పు కాదు. షరతు ఏమిటంటే, ఇద్దరూ విడిపోయే లోపు ఏదో ఒక ధర ఖాయం కావాలి. ఆ తరువాత కిస్తీ ఆలస్యమైనా పైసా పెరగరాదు. పెరిగితే ఆ పెరిగినది వడ్డీయే. ఫైనాన్సు కంపెనీ డీలరుకు డబ్బు కట్టి మన దగ్గర వడ్డీతో వసూలు చేసుకునేది ఈ కోవలోకి రాదు. కాగితం మీద ఎవరు అమ్ముతున్నారు, ఎవరు అప్పు ఇస్తున్నారు అన్నది చదివి చూడాలి. వస్తువును తానే కొని, నష్టభయం తాను మోసి, తరువాత లాభానికి అమ్మే మురాబహా పద్ధతిని మన దేశంలో బ్యాంకులు చేయడానికి చట్టం అడ్డు. 1949 బ్యాంకింగ్ చట్టం బ్యాంకులను సరుకుల వ్యాపారం చేయనివ్వదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగును పరిశీలించమని సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనను పక్కన పెట్టింది. కనుక బ్యాంకు మన కోసం మారుతుందని కూర్చుంటే లాభం లేదు.

రెండో దారి మాకు ఎక్కువ నచ్చినది. నలుగురు కలిసి యంత్రాన్ని కొనడం. ఒక్కొక్కరిది మూడేసి లక్షలు, అందులో ఒక వాటా దుకాణదారుది. మిగతా ముగ్గురి వాటాకు అతడు నెలనెలా అద్దె కడతాడు. ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది: "నెలకు ఇంత అని నిర్ణయిస్తే అదీ వడ్డీ కాదా?" కాదు. డబ్బుకు నిర్ణయించిన అదనం వడ్డీ. వస్తువుకు నిర్ణయించినది కిరాయి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, దుకాణదారు తప్పేమీ లేకుండా యంత్రం కాలిపోయిన రోజున. అప్పు ఇచ్చినవాడు "నా డబ్బు నాకు కట్టు" అంటాడు. యంత్రంలో వాటా ఉన్నవాడు తన వాటా తాను పోగొట్టుకుంటాడు. పెద్ద మరమ్మతు కూడా యజమానుల మీదనే పడుతుంది. నష్టభయం మోసినవాడికే లాభం హలాల్. దుకాణం నడిచేకొద్దీ అతడు ఆ ముగ్గురి వాటాలను ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ పోతే కొన్నేళ్లకు యంత్రం పూర్తిగా అతనిదవుతుంది.

కిరాయి వద్దు, లాభంలో భాగస్వామ్యమే కావాలంటే అదీ మన సంప్రదాయంలో ఉన్నదే. ప్రవక్త పదవికి ముందు ముహమ్మద్ (స) హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో సిరియాకు వెళ్లి వ్యాపారం చేశారు: పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది. లాభం ఏ నిష్పత్తిలో అన్నది ముందే తేల్చుకోవచ్చు. నష్టం మాత్రం పెట్టుబడి నిష్పత్తిలోనే. అందరూ పెట్టుబడి పెట్టిన చోట, తాను పని చేయనని ముందే చెప్పిన భాగస్వామి తన పెట్టుబడి వాటాకు మించి లాభం అడగరాదని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. దుకాణంలో రాత్రింబవళ్లు పనిచేసే వానికి లాభంలో పెద్ద వాటా ఇవ్వవచ్చు. "నష్టంతో నాకు పని లేదు, లక్షకు నెలకు రెండు వేలు చేతిలో పెట్టు" అనేవాడు భాగస్వామి కాడు. గడ్డం ఉన్నా, హజ్ చేసి వచ్చినా, అతడు వడ్డీవ్యాపారియే.

ఈ చివరి మాట ఎందుకు గట్టిగా అంటున్నామో పాఠకులకు తెలుసు. హలాల్ లాభం పేరుతో వేలమంది ముస్లింల పొదుపు కూడబెట్టిన బెంగళూరు సంస్థ ఐ మానిటరీ అడ్వైజరీ 2019లో కుప్పకూలింది. జూన్‌లో దాని యజమాని దేశం దాటిపోయాడు, జూలైలో తిరిగి వచ్చి అరెస్టయ్యాడు. నెలనెలా అంత లాభం ఏ వ్యాపారం నుంచి వస్తున్నదని అడిగినవారు తక్కువ. ఆ దెబ్బతో నేడు భాగస్వామ్యం అనే మాట వింటేనే పెద్దలు జేబు పట్టుకుంటున్నారు. వారి భయం న్యాయమైనదే. కాని కంటికి కనిపించని కంపెనీకి, మన వీధిలో రోజూ కనిపించే యంత్రానికి తేడా ఉంది. యంత్రం ఎన్ని అడుగులు అచ్చు వేసిందో దాని లోపలే నమోదై ఉంటుంది. వాటాదారు ఎప్పుడైనా వెళ్లి చూసుకోవచ్చు.

మన హైదరాబాదుకు ఈ విషయంలో గొప్ప చరిత్రే ఉంది. నిజాం కాలంలో వడ్డీ లేకుండా అప్పులిచ్చే సహకార సంఘాలు అక్కడ పనిచేశాయి. హైదరాబాదులోనే పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటిని గురించి ప్రపంచ పండితులకు తెలిసేలా రాశారు. ఆనాటి సంఘసభ్యులు కోటీశ్వరులు కారు. జహీరాబాదులో నేడు ప్లాట్లలో, బంగారంలో ఊరికే పడి ఉన్న సొమ్ములో నూరో వంతు బయటకు వస్తే ఇలాంటి యంత్రాలు ఒకటి కాదు, నాలుగు కొనవచ్చు. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారు మూడో ప్లాటు కోసం వెతుకుతున్నారు. పక్కనే చేతిలో పని ఉన్న కుర్రవాడు బ్యాంకు మేనేజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అంత పెద్ద వాటాలు కుదరకపోతే వేలంపాట లేని చిట్టీ ఉంది. పన్నెండు మంది నెలకు పది వేలు వేస్తే నెలనెలా ఒకరికి లక్షా ఇరవై వేలు అందుతుంది. ఎవరికీ కోత లేదు, ఎవరికీ అదనం లేదు. పాట పాడి తక్కువకు ఎత్తుకునే చిట్టీలో వడ్డీ వాసన ఉంది. దాని జోలికి పోవద్దు. పాత యంత్రం కొనదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దాచిన లోపం తరువాత బయటపడితే వస్తువు తిరిగి ఇచ్చే హక్కును షరీఅత్ కొనేవానికి ఇచ్చింది. ఆ మాట రసీదు మీద రాయించుకోండి. ఒప్పందం ఏదైనా కాగితం మీద ఉండాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించినదే. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకు అనేవారికి ఇంతకంటే ఏం చెప్పాలి?

యంత్రం వచ్చిన తరువాత పరీక్ష వేరే ఉంటుంది. ఆరు అడుగులకు నాలుగు అడుగుల బోర్డు అని చెప్పి అంచులు మడిచి అయిదున్నర చేసి ఇవ్వడం, మంచి వినైల్ ధర తీసుకుని నాసి రకం అంటించడం ఈ వృత్తిలో లేనివి కావు. సూరా ముతఫ్ఫిఫీన్ హెచ్చరిక తక్కెడకే పరిమితం కాదు, టేపుకూ వర్తిస్తుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) వృత్తిరీత్యా బట్టల వ్యాపారి. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న బట్టను లోపం చెప్పకుండా అమ్మితే ఆ సొమ్మంతా దానం చేసేశారు. లోపం చెప్పి అమ్మితే తప్పు లేదు. "ఇది రెండేళ్లు ఆగదు, ఒక ఎండాకాలమే" అని చెప్పి చౌక సరుకు ఇవ్వండి. కొనేవాడు తన ఇష్టంతో కొంటాడు.

ఉర్దూ బోర్డుల సంగతి ఇక్కడే చెప్పాలి. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. బోర్డులు పెరిగాయి. కాని అక్షరాలు విడివిడిగా చెల్లాచెదురై, ఎడమ నుంచి కుడికి తిరగబడి ఉన్న ఉర్దూ బోర్డులను మేము సర్కారు గోడల మీద కూడా చూస్తున్నాము. ఫాంటు మారితే అతుకులు ఊడిపోతాయి. డిజైన్ చేసేవానికి లిపి రాకపోతే అది తప్పని తెలియదు. పన్నెండు లక్షల యంత్రం ఆ తప్పును చక్కటి రంగుల్లో అచ్చు వేస్తుంది. దుకాణంలో ఉర్దూ చదవగల ఒక అమ్మాయికి గాని అబ్బాయికి గాని ఉద్యోగం ఇవ్వండి. పాత కాతిబ్ ఎవరైనా మిగిలి ఉంటే ఆయనకు ఫైలు చూపించి సరిచూపించుకుని రుసుము ఇవ్వండి. పక్క వీధి దుకాణం దగ్గర అదే యంత్రం ఉండవచ్చు, ఆ కన్ను ఉండదు.

గిరాకీ ఎవరైనా మీలాద్ బ్యానరు మీద, రమజాన్ శుభాకాంక్షల మీద ఆయతులు వేయమంటే వద్దని నచ్చజెప్పాలి. పండుగ వెళ్లిన మూడో రోజున ఆ బ్యానర్లు మురుగుకాలువలో ఉంటాయి. పేరు, తేదీ, చోటు వేస్తే చాలదా?

చివరగా, ఏడాది తిరిగాక జకాత్ ఎలా లెక్కించాలని కొందరు అడుగుతారు. యంత్రం పనిముట్టు, దాని విలువ మీద జకాత్ లేదు. అమ్మకానికి తెచ్చిన వినైల్ చుట్టలు, చేతిలోని నగదు, రావలసిన బాకీలు లెక్కలోకి వస్తాయి. మరి సిరా? మన ఫిఖ్హ్ గ్రంథాలు శతాబ్దాల క్రితమే ఈ ప్రశ్నకు జవాబు చెప్పాయి. బట్టలకు రంగు వేసేవాని రంగు బట్ట మీద నిలిచి ఉంటుంది కనుక దాని నిల్వ మీద జకాత్ ఉంది. చాకలి వాడే సబ్బు నీటితో పాటు పోతుంది కనుక దాని మీద లేదు. ఆ ప్రకారం సిరా డబ్బాలను లెక్కలో వేయండి, యంత్రాన్ని తుడిచే ద్రవాన్ని వదిలేయండి.